కాకినాడకి ఒళ్లు రాసిచ్చిన హాల్డేన్

హాల్డేన్ అనేది ఒక మనిషి పేరని నాకు చాలా రోజులు తెలీదు. బయోఇన్ఫర్మాటిక్స్ ఎలెక్టివ్‌లో జన్యు మ్యాపులు గీయడానికి ఆర్-క్యూటీఎల్ అనే ప్యాకేజీ వాడతాం. అందులో మ్యాప్ ఫంక్షన్ ఏది కావాలి అని అడిగినప్పుడు హాల్డేన్, కొసాంబి అని ఆప్షన్లు కనిపిస్తాయి. డీఫాల్ట్ హాల్డేన్. క్లాసులో అందరం అలాగే వదిలేసి రన్ కొట్టేవాళ్లం. కొసాంబి అంటే మన డి.డి. కొసాంబి, గణితం చేసి చరిత్ర కూడా రాసినాయన. మరి ఈ హాల్డేన్ ఎవరు అని వెతికితే ఒకచోట ఆగిపోయాను. ఇంగ్లండులో పుట్టిన ఈ పెద్దమనిషి భారత పౌరుడైపోయాడు. చనిపోయాక తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇవ్వమని విల్లు రాశాడు. మా అమ్మమ్మ వాళ్లది సామర్లకోట. కాకినాడ బస్సెక్కితే అరగంట. ఇన్నిసార్లు వెళ్లాను, ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాస మీద పనిచేసిన శాస్త్రవేత్త. గనుల్లో కూలీలు ఏ వాయువు పీల్చి చనిపోతున్నారో తెలుసుకోవడానికి ఆ వాయువుల్ని తానే పీల్చి చూసేవాడు. కొడుకునీ వదల్లేదు. ఒకసారి గనిలోకి తీసుకెళ్లి, నిలబడి షేక్స్పియర్ నాటకంలో మార్క్ ఆంటొనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడు. పిల్లాడు సగంలోనే కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. నేల మీద పడ్డాక మళ్లీ ఊపిరి బాగానే ఆడింది. మీథేన్ గాలికన్నా తేలిక కాబట్టి పైకప్పు దగ్గర పోగవుతుందని ఆ పిల్లాడు జన్మలో మర్చిపోలేదు. ఇప్పుడైతే ఆ తండ్రి మీద కేసు పెడతారు, అది వేరే విషయం.

ఈటన్‌లో చదివాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితంతో మొదలుపెట్టి గ్రీకు, లాటిన్‌లోకి మారాడు. సైన్సులో డిగ్రీ అంటూ ఆయనకి లేనేలేదు. జన్యుశాస్త్రం ఇంట్లోనే మొదలైంది. ఆయనా, చెల్లెలు నవోమీ గినీ పందుల్ని, తర్వాత ఎలుకల్ని పెంచి, ఏ రంగు పిల్లలు ఎన్ని పుడుతున్నాయో లెక్కలు రాసుకునేవాళ్లు. స్ప్రంట్ అనే స్నేహితుడు కూడా కలిశాడు. ఆ లెక్కలు ముగ్గురి పేర్లతో 1915లో అచ్చయ్యాయి. క్షీరదాల్లో రెండు జన్యువులు జంటగా వస్తాయని మొదట చూపించిన పేపర్లలో అదొకటి. స్ప్రంట్ అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధానికి బలైపోయాడు. హాల్డేన్ కూడా బ్లాక్ వాచ్ రెజిమెంటులో ఉన్నాడు. రెండుసార్లు గాయపడ్డాడు. రెండోసారి మెసపొటేమియాలో దెబ్బ తగిలితే కోలుకోవడానికి ఇండియా పంపారు. మన దేశాన్ని ఆయన మొదటిసారి చూసింది అలా.

జన్యువులు జంటగా రావడం అంటే ఏంటో కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. పేకముక్కలు కలిపేటప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు ముక్కలు చాలాసార్లు పక్కపక్కనే ఉండిపోతాయి, దూరంగా ఉన్నవి విడిపోతాయి. క్రోమోజోమ్ మీద జన్యువులూ అంతే. రెండు లక్షణాలు ఎంత తరచుగా విడిపోతున్నాయో లెక్కపెడితే అవి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పొచ్చు. కానీ విడిపోయి మళ్లీ కలిసేవీ కొన్ని ఉంటాయి కదా, వాటిని లెక్కలోకి ఎలా తేవాలి? దానికి హాల్డేన్ 1919లో ఒక సూత్రం రాశాడు. మేం చూడకుండా వదిలేసే డీఫాల్ట్ అదే. సెంటీమోర్గాన్ అనే కొలత కూడా ఆ పేపర్ నుంచి వచ్చిందే.

తర్వాత కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం. అక్కడ తండ్రి పద్ధతే. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడాలని అమోనియం క్లోరైడ్ తాగి రోజుల తరబడి ఆయాసపడ్డాడు. ఆ ప్రయోగం పసిపిల్లలకి వచ్చే ఒకరకం మూర్ఛకి చికిత్సగా పనికొచ్చింది. 1924 నుంచి సహజ ఎంపిక మీద వరసగా గణిత పేపర్లు రాశాడు. ఫిషర్, రైట్‌లతో కలిపి ఈయన పేరు చెప్పుకునేది వాటివల్లే. ఆ సమీకరణాలు ఇక్కడ రాస్తే ఎడిటర్ అక్క ఒప్పుకోదు, ముందుకెళ్దాం.

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి వచ్చాక ఎలుకలు వదిలి మనుషుల మీద పడ్డాడు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. మనుషుల మీద ఎలుకల ప్రయోగాలు కుదరవు. నువ్వు ఫలానా అమ్మాయినే చేసుకో, పన్నెండుమందిని కను, నేను లెక్కపెట్టుకుంటా అని ఎవరికీ చెప్పలేం. అప్పటికే పుట్టిన కుటుంబాల వంశవృక్షాలు సంపాదించడం ఒక్కటే దారి. జూలియా బెల్ అనే డాక్టరమ్మ ఏళ్ల తరబడి ఆ పని చేసింది. ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో కుటుంబం ఉంటుంది. తాతకి హీమోఫిలియా, అంటే దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు. కూతురికి ఏమీ లేదు, మనవడికి మళ్లీ ఉంది. ఇలాంటివి పోగుచేసి, మగవాళ్లకొక గుర్తు, ఆడవాళ్లకొక గుర్తు పెట్టి చెట్లుగా గీసేది.

హాల్డేన్ ఆ చెట్ల మీద లెక్కలు చేశాడు. 1935లో హీమోఫిలియా జన్యువు కొత్తగా ఎంత తరచుగా పాడవుతుందో అంచనా వేశాడు. సుమారు 50,000లో ఒకసారి అని వచ్చింది. మనిషి జన్యువుకి అలాంటి అంచనా వేయడం దాదాపు అదే మొదలు. 1936లో మానవ క్రోమోజోమ్‌కి ఒక తాత్కాలిక మ్యాపు అంటూ నేచర్‌లో రాశాడు. 1937లో బెల్, హాల్డేన్ కలిసి హీమోఫిలియా, వర్ణాంధత్వం రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీద దగ్గరదగ్గరగా ఉన్నాయని చూపించారు. డీఎన్ఏ రూపం తెలిసింది 1953లో, దానికి 16 ఏళ్ల ముందు మాట ఇది! సీక్వెన్సర్ లేదు, కంప్యూటర్ లేదు, కాగితం మీద చెట్లు మాత్రమే ఉన్నాయి.

ఆ చెట్లన్నీ ఒకచోటికి చేరకపోతే ఆ పేపర్ లేదు. ఒక్క కుటుంబంలో ఇద్దరు ముగ్గురు మగపిల్లలకి రెండు లక్షణాలూ ఉంటే అది యాదృచ్ఛికమో కాదో చెప్పలేం. చాలా కుటుంబాలు కలిపితేనే లెక్క నిలబడుతుంది. ఇప్పుడు జీనోమ్ డేటాని అందరితో పంచుకోవాలని శాస్త్రవేత్తలు గొడవ పెట్టేది కూడా ఇందుకే. అరుదైన జబ్బున్న పిల్లాడు హైదరాబాద్‌లో ఒకడు, బోస్టన్‌లో ఒకడు ఉంటే, ఆ రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టేదాకా ఇద్దరి జబ్బూ ఒకటేనని ఎవరికీ తెలీదు.

కానీ చెట్టుకి ఇంకో గుణం ఉంది. పేరు తీసేసినా అది ఎవరి చెట్టో తెలిసినవాళ్లకి తెలిసిపోతుంది. విక్టోరియా రాణి ఇంటి కథే చూడండి. ఆమె కొడుకు లియొపోల్డ్‌కి హీమోఫిలియా. కూతుళ్ల ద్వారా అది రష్యా యువరాజు అలెక్సీ దాకా పాకింది. హాల్డేన్ ఆ రాజవంశం మీద ఒక వ్యాసం రాశాడు. ఆ మార్పు విక్టోరియా తండ్రి ఒంట్లో మొదలై ఉంటుందని అందులో వాదించాడు. రాజుల ఇంటి గుట్టు కాబట్టి పత్రికల్లో వచ్చినా ఫర్వాలేదు అనుకోవచ్చు. అదే మన వీధిలో ఒక ఇంటి చెట్టయితే? 2009లో రష్యా రాజకుటుంబం ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి, ఆ జబ్బు హీమోఫిలియా బి అని తేల్చారు. వాళ్లని చంపేసి 90 ఏళ్లు దాటాక కూడా ఎముకలు చెప్పాల్సింది చెప్పేశాయి.

మధ్యలో కొంత త్వరగా దాటేస్తాను. 1939లో థెటిస్ అనే సబ్‌మెరైన్ మునిగి 99 మంది చనిపోయారు. లోపల వాళ్ల ఊపిరికి ఏమైందో తెలుసుకోవడానికి హాల్డేన్ ఇనప గదిలో కూర్చుని తన మీదే పరీక్షలు చేసుకున్నాడు. ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్చి మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతింది. చెవి కర్ణభేరికి చిల్లు పడితే, చెవిలోంచి సిగరెట్ పొగ వదలొచ్చు, పార్టీలో నలుగురినీ నవ్వించడానికి పనికొస్తుంది అన్న ధోరణి ఆయనది. ముందు తన మీద చేసుకోనిది ఇంకొకరి మీద చెయ్యకూడదన్నది ఆయన లెక్క.

ఆయన కమ్యూనిస్టు. ఇక్కడ మాత్రం నాకు ఆయన నచ్చడు. 1928లో ఆయన్ని రష్యా పిలిచి ఆతిథ్యం ఇచ్చిన వవిలోవ్ గొప్ప జన్యుశాస్త్రవేత్త. లైసెంకో ముఠా ప్రాబల్యంలో వవిలోవ్ అరెస్టయి 1943లో జైల్లోనే చనిపోయాడు. లైసెంకో చెప్పేది తప్పని హాల్డేన్ కన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? అయినా చాలా రోజులు గట్టిగా మాట్లాడలేదు, నీళ్లు నమిలాడు. 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు గానీ అప్పటికి ఆలస్యమైపోయింది. తన ఒంటితో అంత ధైర్యం చేసినవాడు నోటితో చెయ్యలేకపోయాడు.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చేశాడు. సూయెజ్ మీద బ్రిటన్ దాడి చేసినందుకు నిరసన అన్నాడు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మహలనోబిస్ చోటిచ్చాడు. లాల్చీ పైజమా, శాకాహారం, తర్వాత భారత పౌరసత్వం కూడా. అప్పుడక్కడ ఉన్న పెద్దల్లో మన సి.ఆర్. రావు ఒకరు. ఆయన పేరు మీద సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, గచ్చిబౌలిలో మా కాలేజీ బస్సు రోజూ వెళ్లే రోడ్డు పక్కనే ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ చేసే పనుల్లో క్రిప్టాలజీ ఒకటి. డేటాకి తాళాలు వేసే విద్య అన్నమాట.

పిఠాపురం నుంచి ద్రోణంరాజు కృష్ణారావు అనే కుర్రాడు హాల్డేన్ దగ్గర శిష్యుడిగా చేరాడు. గురువు అతన్ని ఖరీదైన పరికరాల దగ్గరికి పంపలేదు, ఇళ్లకి పంపాడు. కొందరు మగవాళ్లకి చెవుల అంచున వెంట్రుకలు పొడుగ్గా పెరుగుతాయి, మీరూ చూసే ఉంటారు. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తోందా, అంటే వై క్రోమోజోమ్ మీద ఉందా అని ద్రోణంరాజు ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలతో 1960లో పేపర్ రాశాడు. తర్వాత వచ్చినవాళ్లు అది అంత సూటిగా లేదన్నారు. 1963లో మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల మీద ఇంకో పేపర్ రాశాడు. ఎన్ని ఇళ్లలో జరుగుతున్నాయి, పిల్లల మీద ప్రభావం ఏంటి అని. ఇంగ్లండులో మేనమామని చేసుకోవడం చట్టరీత్యా కుదరదు. ఇక్కడ అది మర్యాదస్తుల పెళ్లి. హాల్డేన్‌కి మన చుట్టరికాలు ఎంత ఆసక్తిగా అనిపించాయంటే, 1962లో జయాకర్‌తో కలిసి మానవ సంబంధాలన్నీ లెక్కకట్టి పేపర్ రాశాడు.

మేనబావ మరదళ్లకి పుట్టిన బిడ్డలో ఒక జన్యువు రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామ మేనకోడళ్లకి పుడితే 8లో 1. మా తాతయ్య మా అమ్మమ్మకి స్వయానా మేనమామ. అంటే మా అమ్మ ఆ 8లో 1. అమ్మ జీనోమ్ ఫైలు ఎవరి చేతికైనా వస్తే, పేరూ ఊరూ ఏమీ లేకపోయినా, రెండు కాపీలూ అచ్చంగా ఒకేలా ఉన్న పొడవైన ముక్కలు చూసి ఈమె తల్లిదండ్రులు దగ్గరి రక్తసంబంధీకులు అని చెప్పేయొచ్చు. దానికి పది నిమిషాల కోడ్ చాలు, మేం ల్యాబ్‌లో నమూనా డేటా మీద చేశాం. ఆ రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెబితే, ఇందులో దాచుకునేది ఏముందిరా, పెళ్లికి ఊరంతా వచ్చారు కదా అంది. నిజమే. కానీ ఊరికి తెలియడం వేరు, మా చెల్లికి రేపు ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీకి తెలియడం వేరు.

చెవి వెంట్రుకల పేపర్ కూడా ఇప్పుడు చదివితే ఇంకోలా కనిపిస్తుంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఇంటిపేరూ అంతే. 2013లో అమెరికాలో కొందరు పరిశోధకులు, పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెట్టిన జీనోమ్‌ల వై క్రోమోజోమ్ గుర్తుల్ని వంశవృక్షాల సైట్లతో పోల్చి ఇంటిపేర్లు పట్టుకున్నారు. వయసు, రాష్ట్రం లాంటి బహిరంగ వివరాలు కలిపి దాదాపు 50 మంది ఎవరో తేల్చేశారు. దొంగతనం, హ్యాకింగ్ ఏమీ లేదు, అంతా ఓపెన్ డేటాయే. 2018లో కాలిఫోర్నియా పోలీసులు పాత హంతకుణ్ణి పట్టుకున్నది వాడి డీఎన్ఏ ఒక సైట్‌లో ఉండి కాదు. దూరపు చుట్టాలు సరదాగా పెట్టుకున్న డీఎన్ఏ ఉండి. హంతకుడు దొరకడం మంచిదే. కానీ ఆ చుట్టాలు సంతకం పెట్టినప్పుడు ఎవరెవరి తరఫున పెట్టారు?

మన దగ్గర ఇది కులం దాకా వెళ్తుంది. తరతరాలు అదే కులంలో పెళ్లిళ్లు జరగడం వల్ల కొన్ని జన్యు మార్పులు కొన్ని కులాల్లోనే ఎక్కువ. వైశ్యుల్లో ఒక ఎంజైమ్ లోపం మిగతావాళ్లకన్నా ఎక్కువని, ఆపరేషన్ ముందు ఇచ్చే కొన్ని కండరాల మందులు వాళ్లలో కొందరికి తొందరగా దిగవని డాక్టర్లకి తెలుసు. తెలియడం వల్ల ప్రాణాలు దక్కుతాయి. అదే సమాచారం పెళ్లిచూపుల్లోకి వస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒక్క మనిషి పేరు తీసేస్తే కులం పేరు పోదు కదా.

అందుకే తాళాలు కావాలి, కానీ తలుపు మూసేసే తాళాలు కాదు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 20 సంస్థలు కలిసి 80కి పైగా జనసమూహాల నుంచి 10,000 మంది జీనోమ్‌లు చదివాయి. మన సీసీఎంబీ కూడా ఉంది. ఆ డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది. 2025 జనవరిలో పరిశోధకులకి తెరిచారు. అయితే ఎవరు పడితే వాళ్లు డౌన్‌లోడ్ కొట్టేది కాదు, ఎందుకు కావాలో రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. దీనికన్నా గట్టి పద్ధతులూ ఉన్నాయి. డేటాని బయటికి పంపకుండా మన కోడ్‌నే లోపలికి పంపి, జవాబు మాత్రం బయటికి తేవడం ఒకటి. హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ ఇంకొకటి. పెట్టె తెరవకుండానే లోపల ఉన్న అంకెల్ని కూడగలిగినట్టు. నెమ్మదిగా నడుస్తుంది, మెమరీ తినేస్తుంది, కానీ నడుస్తుంది. నాకైతే మొదటి పద్ధతి మీద నమ్మకం ఎక్కువ. హాల్డేన్‌కి కావాల్సింది కూడా కుటుంబాల పేర్లు కాదు, ఎన్నిసార్లు కలిసి వచ్చాయి, ఎన్నిసార్లు విడిపోయాయి అనే రెండు అంకెలే. ఆ రెండు అంకెలు ఇవ్వడానికి చెట్టు మొత్తం ఇవ్వక్కర్లేదు.

ఆయన చివరి రోజులకొద్దాం. మహలనోబిస్‌తో పడక 1961లో కలకత్తా ఇన్‌స్టిట్యూట్ వదిలేశాడు. ఒరిస్సా ప్రభుత్వం భువనేశ్వర్‌లో ప్రయోగశాల పెట్టుకోమంటే అక్కడికి వెళ్లాడు. 1964 మొదట్లో లండన్‌లో పెద్దపేగు చివర క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఆస్పత్రి మంచం మీద నుంచి దాని గురించి నవ్వుతాలుగా ఒక పద్యం రాసి పత్రికకి ఇచ్చాడు. సిగ్గుపడి దాచుకోకుండా తొందరగా డాక్టరు దగ్గరికి వెళ్లండని దాని సారం. క్యాన్సర్ అనే మాటే పైకి అనని రోజుల్లో, తన మెడికల్ రికార్డుని తానే అచ్చు వేయించాడన్నమాట. చాలామందికి అది నచ్చలేదు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు.

విల్లులో ఆయన లెక్క చాలా సాదాగా ఉంది. బతికుండగా ఈ ఒళ్లు పరిశోధనకి వాడాను, ఇక నాకు దీంతో పనిలేదు, వేరేవాళ్లు వాడుకోండి అన్నది దాని భావం. కుళ్లకుండా చల్లగా ఉంచడానికయ్యే ఖర్చు తన ఆస్తిలోంచి అన్నిటికన్నా ముందు తీయమని కూడా రాశాడు. డేటా ఇవ్వడమే కాదు, స్టోరేజ్ బిల్లు కూడా కట్టాడు! శరీరం కాకినాడకి వెళ్లింది.

శరీరం విషయంలో ఆయన సంతకం ఒక్కటీ చాలు. కానీ ఆ శరీరంలో ఇవాళ్టికి ఒక్క ఎముక ముక్క మిగిలి ఉన్నా, దాన్ని చదివే యంత్రాలు ఈ నగరంలోనే ఉన్నాయి. హాల్డేన్‌కి పిల్లలు లేరు. చెల్లెలు నవోమీ 1999 దాకా, 101 ఏళ్లు బతికింది. పెద్ద రచయిత్రి. ఆమె కొడుకుల్లో ముగ్గురు జీవశాస్త్రవేత్తలయ్యారు. అన్నాచెల్లెళ్ల జన్యువుల్లో సుమారు సగం ఒకటే. చిన్నప్పుడు పెరట్లో ఎలుకల్ని లెక్కపెట్టి ఆ విషయం రాసుకున్నది వాళ్లిద్దరే. అన్న సంతకంతో ఆ ఎముకని చదివి ఫైలు పెడితే, అందులో సగం నవోమీది, కొంత ఆమె మనవలది. వాళ్ల దగ్గర ఎవరు సంతకం తీసుకోవాలి, ఎన్ని తరాల దాకా తీసుకోవాలి?